ఒకటి లేని లెక్క

మా గుంపులో ఒకటి అనే అంకె లేదు. ఎనిమిది సైకిళ్ళు, ఎనిమిది మంది మనుషులు, లెక్క మాత్రం "లాభం"తో మొదలయ్యేది. కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటారే, అదే. ఆ పద్ధతి పెట్టినవాడు రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో మా వీధి చివర ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు, ఇస్త్రీ అయిన బట్టల్ని సైకిల్ మీద ఇళ్ళకి చేరవేసేవాడు.

చలికాలంలో ప్రతి శుక్రవారం పొద్దున్నే మేమంతా బయల్దేరి జహ్రా దాకా, అంటే సుమారు ముప్ఫై కిలోమీటర్లు, తొక్కుకుంటూ వెళ్ళి అక్కడ టీ తాగి వచ్చేవాళ్ళం. ఎందుకంటే ఏం చెప్పను, వారం అంతా ఎవరో చెప్పిన చోటికి వెళ్ళే మనుషులం, ఒక్క పూట మాకు నచ్చిన చోటికి వెళ్ళడం బాగుండేది. దారిలో ప్రతి మలుపు దగ్గరా, ఎక్కడ ఆగితే అక్కడా, పెద్దాయన "లాభం" అని కేక పెట్టేవాడు. వెనక నుంచి "రెండు", "మూడు", "నాలుగు" అంటూ ఒక్కొక్కరూ పలకాలి. నేను అయిదు. గుంపులో చేరిన వరుసలో వచ్చిన అంకె అది, సైకిల్ ముందున్నా వెనకున్నా మారదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఒకరి అంకె ఇంకొకరు పలకకూడదు. పక్కవాడు నీళ్ళు తాగుతున్నా సరే, వాడు మింగి, మూతి తుడుచుకుని పలికేదాకా లెక్క ఆగుతుంది.

నాకు ఈ లెక్కంటే ఒళ్ళు మండేది. కోనసీమ వాణ్ణి, కాళ్ళలో సత్తువ ఉంది, అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌లో రోజంతా కూర్చుని కార్ల సామాన్లు లెక్కపెట్టే ఉద్యోగం. శుక్రవారం కూడా లెక్కేనా అని విసుగు. ఒక శుక్రవారం ఆరో నంబరాయనకి దగ్గు పట్టుకుంది. ప్రతి మలుపు దగ్గరా అతని దగ్గు తగ్గేదాకా అందరం నిలబడ్డాం. మూడో మలుపు దగ్గర నేను పేలిపోయాను.

"మనవేవన్నా వడ్ల బస్తాలవా అండీ? ఈ ఎడ్లబండి యవ్వారం నా వల్ల కాదండి," అన్నాను.

పెద్దాయన ఏమీ అనుకోలేదు. "బస్తాలైతే ఇంత అరిచే పనే ల్యాకపోవు గదబ్బా. యాడ పెడితే ఆడనే ఉంటాయి," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను సైకిలెక్కి, వెనక్కి చూడకుండా ఒక్కణ్ణే జహ్రా వెళ్ళి, ఒక్కణ్ణే టీ తాగి, వేరే దారిలో ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వాళ్ళతో వెళ్ళలేదు. వీధిలో పెద్దాయన సైకిల్ బెల్లు వినిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. కోపం రావడానికి నాకు క్షణం చాలు, సిగ్గు పోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఆ నెలలు గడుస్తుండగానే 1990 ఆగస్టు వచ్చింది. ఒక బుధవారం నా భార్య జహ్రా వెళ్ళింది. వాళ్ళ అక్క అక్కడ ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆవిడ కూతురికి పెళ్ళి కుదిరిందట, బట్టలు కుట్టడానికి చేయి తిరిగిన మనిషి కావాలట. "మూడు రోజుల్లో వచ్చేస్తానండీ, పిల్లకి పాలు మర్చిపోకండి," అని చెప్పి వెళ్ళింది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. మర్నాడు గురువారం, తెల్లారేసరికి ఇరాక్ మిలిటరీ ఊళ్ళో ఉంది.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలోలాగే గుర్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి రావు. సముద్రం ఒడ్డున ఇసుక మూటలు. తలుపు తీసి ఉన్న కిరాణా కొట్టు, లోపల ఎవరూ లేరు, ఫ్యాను తిరుగుతోంది. మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో ఒక్క మనిషి కనిపిస్తే చాలు, "నాన్నా, మనిషి" అని చెప్పేది. అల్ రాయ్‌లో మా గోడౌన్ ముందున్న పికప్పును మొదటి వారంలోనే పట్టుకుపోయారు. నా పాస్‌పోర్టు నన్ను పనికి రప్పించుకున్న కఫీల్ బీరువాలో ఉంది, కఫీల్ ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి.

ఫోన్లు పనిచేసినన్నాళ్ళూ నా భార్య జహ్రా నుంచి మాట్లాడేది. మామా వాళ్ళు ఎడారి మీదుగా సౌదీ వెళ్ళిపోయారు. ఆ ఇంట్లోనే అక్కాచెల్లెళ్ళూ చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళూ కలిసి ఉన్నారు. మూడో వారం, గురువారం పొద్దున ఫోన్ చేసింది.

"ఏవండీ, ఆడవాళ్ళందరం కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నావండి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎల్తాదంట, శనారం తెల్లారగానే. పిల్ల పేరు నా పాస్‌పోర్టులోనే ఉంది కదండీ. నేనిటు ఎల్లిపోతే పిల్ల అక్కడ ఏ కాగితవూ లేనిదైపోద్ది. రేపు సాయంత్రానికి పిల్ల నా దగ్గరుండాలండి. ఎలా తెస్తారో నాకు తెలీదు."

"బస్సు ఇంకో రెండు రోజులు ఆపలేరా?" అని అడిగాను. అవతల లైను కట్ అయింది.

అప్పట్లో అంతే, పిల్లల పేర్లు తల్లి పాస్‌పోర్టులోనో తండ్రి పాస్‌పోర్టులోనో రాసేవారు. మా అమ్మాయి ఈ దేశం దాటాలంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునే దాటాలి. కార్లని దారిలో ఆపి లాక్కుంటున్నారు, టాక్సీవాడెవడూ రానన్నాడు. ఇక నాకున్నది మెట్ల కింద దుమ్ము పట్టిన సైకిలే. దాన్ని బయటికి లాగి తుడుస్తూ ఆలోచించాను. ఒంటరి మగవాడు, చేతిలో పిల్ల, ముప్ఫై కిలోమీటర్ల ఖాళీ రోడ్డు.  పిల్ల చెయ్యి పట్టుకుని లాండ్రీకి నడిచాను.

పెద్దాయన ఇస్త్రీ చేస్తున్నాడు. ఎవరి బట్టలో, ఇక వాటి కోసం ఎవరు వస్తారో, అయినా మడతలు సరిచేస్తున్నాడు.

"ఏం గోదారాయనా, దోవ తప్పినావా?" అన్నాడు.

"తప్పే చేశానండి బాబాయ్‌గారూ," అన్నాను.  ఆ తర్వాత సంగతంతా చెప్పాను.

ఆయన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి నా కూతురి వైపు చూశాడు. "నువ్వొక్కనివే పోతే నిన్ను ఆపి అడుగుతారబ్బా. ఎనిమిది మంది తలకు తువ్వాళ్ళు చుట్టుకోని సైకిళ్ళ మింద పోతాంటే ఎవురనుకుంటారు? కూలోళ్ళనుకుంటారు. నిజమే గదా అది," అని నవ్వాడు. "రేపు తెల్లారినాక పోదాం. అందరికీ నేను చెప్తా."

అందరూ వచ్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడో నంబరాయన ఎక్కడి నుంచో కుబ్బూస్ రొట్టెలు తెచ్చాడు. దగ్గుతో మమ్మల్ని ఆపిన ఆరో నంబరాయన నా సైకిల్ దగ్గర కూర్చుని రెండు చక్రాలకీ గాలి కొట్టాడు. అతని మొహంలోకి చూడలేక నేను ముందు రాడ్డుకి తువ్వాలు చుడుతూ కూర్చున్నాను. మా అమ్మాయి కూర్చునేది దాని మీదే.

"నా నంబరెంత?" అని అడిగింది అది, అందరి లెక్కా విన్నాక.

"అంకెలు సైకిళ్ళకు అమ్మణ్ణీ," అన్నాడు పెద్దాయన.

"నాకు సైకిల్ లేకపోతే నేను లేనా తాతా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఉండావు తల్లీ, ఎందుకు ల్యావు? నా అంకె నువ్వు తీసుకో. నువ్వు లాభం అంటేగాని లెక్క మొదలు కాదు. నేను కడాకు పోతా, తొమ్మిది."

లాభం ఎప్పుడూ ముందుండాలి కాబట్టి నా సైకిల్ అందరికన్నా ముందుకి వచ్చింది. నెమ్మదిగా పోతున్నారని వీళ్ళని వదిలేసి పోయినవాణ్ణి, ఆ రోజు ముందు నుండి వీళ్ళందరినీ నెమ్మదిగా నడిపించాను. రాడ్డు మీద పిల్ల ఉంటే వేగంగా తొక్కలేం.

ఆ పొద్దున సముద్రం మీద నుంచి తడి ఆవిరి వచ్చి రోడ్డు మీద పరుచుకుంది. రోడ్డు ఎక్కడ ఆగుతుందో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఆరు వరసల రోడ్డు అంతా మాదే. సిగ్నల్ దీపాలు ఎవరి కోసమో ఎర్రబడి, పచ్చబడి, మళ్ళీ ఎర్రబడుతున్నాయి. ఎర్రది పడితే మా అమ్మాయి "ఆగు నాన్నా" అనేది, నేను ఆగేవాణ్ణి, వెనక ఏడుగురూ ఆగేవారు. "లాభం!" అని అది అరిచేది. "రెండు... మూడు... నాలుగు..." అని ఆవిరిలోంచి గొంతులు మాత్రం వచ్చేవి, మనుషులు కనిపించేవారు కాదు. చిట్టచివర ఎక్కడో దూరంగా "తొమ్మిది". అది విని మా అమ్మాయి తల ఊపేది, మేం కదిలేవాళ్ళం.

అల్ రాయ్‌లో షోరూముల అద్దాలు పగిలి ఉన్నాయి. లోపల కార్లు లేవు, నేల మీద టైర్ల గుర్తులున్నాయి. "కార్లన్నీ ఎక్కడికెళ్ళాయి నాన్నా?" అని అడిగింది. "నిద్రపోవడానికి," అన్నాను, ఏదో ఒకటి చెప్పాలని. అది నమ్మింది. నాకు కూడా కాసేపు అదే నిజమనిపించింది.

అల్ రాయ్ దాటాక డ్రమ్ములు అడ్డం పెట్టి మిలిటరీ వాళ్ళున్నారు. ముందుకి వచ్చినవాడికి నెరిసిన మీసాలు, నా తండ్రి వయసుంటుంది. చెయ్యెత్తాడు. ఆగాం. ఎక్కడ ఆగితే అక్కడ లెక్క చెప్పాలి కదా, మా అమ్మాయి గొంతెత్తి "లాభం!" అని అరిచింది. నా వెనక వాళ్ళకి అలవాటైపోయిన నోళ్ళు ఆగలేదు. రెండు, మూడు, నాలుగు. నేనూ అయిదు అనేశాను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏదో రహస్య సంకేతం అనుకున్నాడు ఆ సైనికుడు. తుపాకీ పైకి లేచింది. మిగతా ఇద్దరివీ లేచాయి.  పిల్ల తల మీద నా చెయ్యి పెట్టాను. అంత చిన్న చెయ్యి ఏం కాపాడుతుందో అనిపించింది.

పెద్దాయన సైకిల్ దిగి, రెండు చేతులూ ఎత్తి, చివరి నుంచి ముందుకి నడిచి వచ్చాడు. పాతికేళ్ళ ఇస్త్రీ పనిలో నేర్చుకున్న అరబ్బీలో నిదానంగా చెప్పాడు. మేం కూలీలం. తప్పిపోకుండా లెక్కపెట్టుకుంటాం. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఈ పాప మాకు ఆ మొదటిది. తల్లి దగ్గరికి తీసుకుపోతున్నాం.

సైనికుడు పాపనీ పెద్దాయన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తుపాకీ దించి, "గోధుమలు కొలిచేటప్పుడు మా నాన్న కూడా ఒకటి అనేవాడు కాదు. బరకా అనేవాడు," అన్నాడు. బరకా అంటే దీవెన, సమృద్ధి; ఆ మాట నాకు కూడా అర్థమైంది. పిల్ల వైపు వంగి, మళ్ళీ చెప్పమన్నట్టు వేలు ఊపాడు. మా అమ్మాయి భయం భయంగా "లాభం" అంది. అతను అరబ్బీలో రెండు అన్నాడు. అంతవరకే అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయని నేను చెప్పను, ఆ ఆవిరిలో అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి. అయినా నా చేతి వాచీ మాత్రం విప్పించుకున్నాడు. "యల్లా," అని డ్రమ్ము పక్కకి జరిపాడు.

వాచీ పోయాక ఆ రోజుకి టైము కూడా పోయింది. ఆవిరి తేలిపోయి ఎండ దిగింది. రోడ్డు చివర నీళ్ళు కనిపిస్తాయి, దగ్గరికి వెళితే ఉండవు, మళ్ళీ ముందు కనిపిస్తాయి. "గోదారా నాన్నా?" అని అడిగింది. "ఊఁ," అన్నాను. కాసేపటికి రాడ్డు మీద తల నా చేతికి ఆనింది. ఒక వంతెన కింద మలుపు వచ్చింది. లాభం వినిపించలేదు.

అందరూ ఆగారు. పిల్ల నిద్రపోయింది.

"లేపబాకండి," అన్నాడు పెద్దాయన వెనక నుంచి. "నీడ ఉంది గదా. మేలుకున్యాక పలుకుతాది."

 ఎంత పొద్దయిందో తెలీదు, ఇంకా పది కిలోమీటర్లుంది, ఏ క్షణం ఎవరొస్తారో తెలీదు. ఆ ఒక్క మాటా నేనే అనేస్తే పోతుంది కదా అని నోరు తెరిచాను. ఆరో నంబరాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు, ఊరికే చూశాడు. నోరు మూసుకున్నాను. ఎనిమిది మంది మగవాళ్ళం, యుద్ధం వచ్చిన దేశంలో, ఒక వంతెన కింద సైకిళ్ళు పట్టుకుని, ఒక పిల్ల నిద్ర లేవడం కోసం నిలబడ్డాం.  ఎక్కడో ఒక హెలికాప్టర్ చప్పుడు వచ్చి పోయింది. పిల్ల ఊపిరి నా మోచేతికి వెచ్చగా తగులుతోంది. ఎంతసేపున్నామో ఎవరికీ తెలీదు, కానీ నా జన్మలో అంత నెమ్మది మళ్ళీ ఎరగను. చివరికి పిల్ల నిద్ర లేచి, కళ్ళు నులుముకుని, చుట్టూ చూసి, తప్పు చేసినదానిలా మెల్లిగా "లాభం" అంది. "రెండు," అన్నారు వెంటనే, నవ్వుతూ.

జహ్రాలో ఆ ఇంటి గేటు దగ్గర నా భార్య నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందట. ఏడవలేదు. పిల్లని దించుకుని, రాడ్డు ఒరుసుకుని ఎర్రబడిన కాళ్ళు చూసి, "తువ్వాలు ఇంకో మడత వెయ్యాలండీ," అంది. ఆ తర్వాత వరండాలో కూర్చుని పిల్లని ఒళ్ళోంచి దించలేదు. "నేను లాభం అమ్మా," అని పిల్ల వాళ్ళమ్మకి నేర్పుతూనే ఉంది.

ఆ రాత్రి మా గుంపంతా గేటు బయటే పడుకున్నాం; శనివారం తెల్లారి బస్సు వచ్చింది. "మీరూ ఎక్కేయండీ," అని ఒక్కసారి మాత్రం అంది నా భార్య. నా దగ్గర పాస్‌పోర్టు లేదని తనకీ తెలుసు. బస్సు కదిలి మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి చిన్న తల బయటికి వచ్చింది. "లాభం!" అని కేక. మేం ఎనిమిది మందిమీ రోడ్డు మీద నిలబడి వరసగా పలికాం. తొమ్మిది దాకా బస్సు మాకు కనిపిస్తూనే ఉంది. అది చాలనుకున్నాను. కాదు, చాలలేదు, అబద్ధం ఎందుకు.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి మలుపు దగ్గర అందరం నెమ్మదించాం. ఎవరూ మొదలుపెట్టలేదు. "మీ అంకె మీరు తీసుకోండి బాబాయ్‌గారూ," అన్నాను.

"ఆ పాప ఉంది గదబ్బా. ఉండేవాళ్ళ అంకె నాకెందుకు?" అన్నాడు.

అందుకని ప్రతి మలుపు దగ్గరా ఒక్క మాట పట్టేంత సేపు ఊరుకునేవాళ్ళం. ఆ తర్వాతే "రెండు". నా రాడ్డుకి తువ్వాలు అలాగే చుట్టి ఉంది, విప్పలేదు.

సెప్టెంబరులో మా వీధి వాళ్ళకీ బస్సులు దొరకడం మొదలైంది. ఒకసారికి ఇద్దరికో ముగ్గురికో చోటు. ఎవరు ముందు ఎక్కాలని వాదులాట రాకుండా పెద్దాయన తేల్చేశాడు, అంకెల వరసలో పోవాలని. రెండు, మూడు, నాలుగు వెళ్ళారు. తర్వాతి బస్సులో నా వంతు. పాస్‌పోర్టు లేనివాళ్ళకి మన ఎంబసీ వాళ్ళు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఎక్కాను. బస్సు మెట్టు మీద నిలబడ్డాక గాని నాకు తట్టలేదు. మా పిల్లకి తన అంకె ఇవ్వకపోతే అందరికన్నా ముందు వెళ్ళవలసినవాడు ఆయన.

"మీరు ముందు వెళ్ళండి," అని కిందికి దిగబోయాను.

"తొమ్మిది గదబ్బా నేను. గమ్మున ఎక్కు," అని వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు.

ఎన్నో దేశాల దుమ్ము దాటి కోనసీమలో మా అత్తగారింటికి చేరేసరికి మధ్యాహ్నం. మా అమ్మాయి అరుగు మీద ఒక్కత్తే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది గాని పరిగెత్తుకు రాలేదు. నేను గుమ్మం ముందు ఆగాను. ఆగితే లెక్క చెప్పాలి.

"లాభం," అంది.

అయిదు అనడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టింది. నిజమే, ఇంకా రెండు పలకలేదు. రెండు కోసం ఆగింది. మూడు కోసం ఆగింది. నాలుగు కోసం ఆగింది. ఒక్కొక్కరికీ ఎంతసేపు ఇవ్వాలో అంతసేపూ ఇచ్చింది, ఆ తర్వాత నా వైపు చూసింది.

"అయిదు," అన్నాను. 

అప్పుడు పరిగెత్తుకు వచ్చింది. ఎత్తుకున్నాను. లోపలి నుంచి నా భార్య వస్తున్న అలికిడి అయింది. లెక్క అయిపోయిందనుకుని నేను మెట్టెక్కబోతే, మెడ చుట్టూ చేతులు బిగించి, "ఇంకా ఉన్నారు నాన్నా," అంది. నా భుజం మీదుగా వీధిలోకి చూస్తోంది. పెద్దాయన ఇల్లు చేరినట్టు జాబు రావడానికి ఇంకా నెల పట్టింది. ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ అది తెలీదు. ఆరు, ఏడు, ఎనిమిది అయ్యాయి. తొమ్మిది దగ్గర చాలాసేపు పట్టింది. సంచీ భుజాన అలాగే ఉంది, ఎండ వీపు మీద కొడుతోంది.

నేనూ ఆగాను.